శుక్రవారం వంతు ఎవరిది?

మా మిల్గారా ఊళ్లో మగవాడి మీద ఏ నింద వేసినా పడతాడు. పనిదొంగ అన్నా, అబద్ధాలకోరు అన్నా నవ్వి ఊరుకుంటాడు. పబ్బులో అందరి వంతులూ తాగి తన వంతు రాగానే జారుకున్నాడని మాత్రం అనకూడదు. నలుగురు కలిసి కూర్చుంటే ఒక్కొక్కరూ ఒక్కోసారి అందరికీ పోయించాలి. ఎగ్గొట్టినవాడి పక్కన ఆ తర్వాత ఎవరూ కూర్చోరు. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను, రెనాటా కేసులో దీంతో పని పడింది.

నా పేరు గ్లెనిస్. మిల్గారా చెరకు మిల్లులో రైళ్ల గదిలో కూర్చుని రేడియోలో మాట్లాడటం నా ఉద్యోగం. మిల్లు చెరకు ఆడే క్రషింగ్ సీజన్లో పొలాల నుంచి మిల్లుకి చెరకు తొట్లు లాక్కొచ్చే చిన్న రైళ్లుంటాయి. ఏది ఎక్కడుందో, ఏది ఎవరికి దారి ఇవ్వాలో నేను చెబుతాను. ఒక్కో ఇంజనుకీ ఒక డ్రైవరు, ఒక అసిస్టెంటు. డ్రైవరు చల్లటి గదిలో కూర్చుంటాడు. అసిస్టెంటు వానలో దిగి తొట్లు తగిలించాలి, రైలు దారి మళ్లేలా పట్టాలు మార్చాలి, తొట్టి పట్టా దిగితే బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఎక్కించాలి. చెరకు తోటల్లో పాములు కూడా అసిస్టెంటు వాటాకే వస్తాయి.

రెనాటా బెలోట్టి చాలా సీజన్లుగా ఆ అసిస్టెంటు పనే చేసింది. వాళ్ల తాత ఇటలీ నుంచి చెరకు నరకడానికి వచ్చాడు, ఆమె ఆ చెరకు మోసే రైలు నడపాలనుకుంది. పెద్ద కోరికేం కాదు. ఇంజను నడిపే పరీక్ష ఎప్పుడో పాసైంది, డ్రైవర్లు సెలవు పెట్టినప్పుడల్లా నడిపింది కూడా. రేడియోలో ఆమె గొంతు వినపడిందంటే ఆ పూట నాకు తలనొప్పి లేదని అర్థం.

పోయినేడాది మే నెలలో, సీజన్ మొదలయ్యే ముందు, ముసలి డ్రైవరొకడు రిటైరయ్యాడు. ఆ సీటుకి ఇద్దరు దరఖాస్తు పెట్టారు, రెనాటా ఒకరు, బ్రేడెన్ అనే కుర్రాడు ఇంకొకరు. బ్రేడెన్‌కి తొట్లు తగిలించడం నేర్పిందే రెనాటా. వాడు చెడ్డవాడని అనను. అప్పటికి రెండు సీజన్లు చేశాడు, ఒకసారి ఏకంగా వరస తొట్లన్నీ కాలవలో పడేశాడు. మంగళవారం ఇంటర్వ్యూలు జరిగాయి. సీటు బ్రేడెన్‌కి ఇచ్చారు.

ఇచ్చింది రస్ హన్నాఫర్డ్. రైళ్ల సూపరింటెండెంటు, మా అందరికీ పెద్ద. మా దగ్గర పెద్దయినా చిన్నయినా పేరు పెట్టే పిలుచుకుంటాం, దానివల్ల అందరం సమానమని బయటివాళ్లు మోసపోతారు. రెనాటా ఆయన గదికి వెళ్లి తనకెందుకు రాలేదని అడిగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నీ పని మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు అన్నాడట.

"మరింకేంటి?"

"జట్టులో ఇమడాలి కదా మేట్. బ్రేడెన్ ఇట్టే కలిసిపోతాడు."

"ఇన్నాళ్లూ నేను పనిచేసింది ఏ జట్టులో?"

ఆయన నవ్వాడట. ఆ నవ్వు నాకు బాగా తెలుసు.

ఎందుకంటే ఆ నవ్వు నేనూ తిన్నాను. ఒకప్పుడు నేనూ ఇంజను అసిస్టెంటునే. నాకూ సీటు ఇవ్వలేదు, ఇవ్వనిది ఈ రస్సే. అప్పట్లో వివక్ష చట్టం కింద కేసు వేశాను. ఆ చట్టం ఎలా ఉంటుందంటే, ఆడదానివి కాబట్టి ఇవ్వలేదని నువ్వంటున్నావు గనక నువ్వే నిరూపించు అంటుంది. ఏం నిరూపించను? కారణం ఆయన బుర్రలో ఉంది. బుర్ర ఆయన భుజాల మీద ఉంది. ఆయన చేతులు కట్టుకుని, చూయింగ్ గమ్ నములుతూ కూర్చున్నాడు. ఒక్కమాట మాట్లాడలేదు, మాట్లాడాల్సిన అవసరం రాలేదు. నేను మాత్రం రెండు పూటలు బోనులో నిలబడి, మీరు చిరాకు మనిషేనా, మగవాళ్లతో గొడవలు పడతారా అన్న ప్రశ్నలకి జవాబులు చెప్పాను. ఆధారం లేదని కొట్టేశారు. తర్వాత నన్ను రేడియో గదికి మార్చారు. నీ గొంతు బాగుంటుంది గ్లెనిస్ అన్నాడు రస్. ఆ మాటకి ఆ రోజే కుర్చీ ఎత్తి కొట్టాల్సింది.

అందుకని రెనాటా మా ఇంటి వసారాలో కూర్చుని కేసు వేస్తానంటే నేను వద్దన్నాను. వాళ్లు నిన్ను పిండి పారేస్తారు, చివరికి ఊళ్లో ఉన్న ఒక్క మిల్లులో మొహం చూపించలేవు అన్నాను. ఆమె నా మాట వినలేదు. యూనియన్ వాళ్ల లాయరు ఐరీనీ కూలూరిస్ దగ్గరికి టౌన్స్‌విల్ పట్నం వెళ్లొచ్చింది. మర్నాడు నన్నూ లాక్కెళ్లింది.

ఐరీనీ చిన్న మనిషి, బల్ల మీద ఎప్పుడూ సగం తిన్న మాంసం కూరిన రొట్టె ఒకటి ఉంటుంది. నా కథంతా విని, నువ్వు తప్పు తలుపు తట్టావు అంది. ఇంకో చట్టం ఉందట, ఉద్యోగాలది. దాని కింద వెళితే బరువు అవతలివాడి నెత్తిన పడుతుంది. సీటు నాకు రాలేదు, నేను ఆడదాన్ని, కారణం అదేనంటున్నాను అని రెనాటా చెబితే చాలు. కాదని నిరూపించుకోవాల్సింది మిల్లు. నిర్ణయం తీసుకున్నవాడే వచ్చి బోనులో నిలబడి, ప్రమాణం చేసి, నా అసలు కారణం ఇదీ అని చెప్పాలి, జడ్జి నమ్మాలి.

"అంటే రస్ నోరు విప్పాలా?" అన్నాను.

"విప్పకపోతే ఓడిపోతారు."

నేను ఆ గదిలోనే ఏడ్చాను. సంతోషం కాదు, కోపం. ఈ తలుపు సంగతి అప్పట్లో నాకెవరూ చెప్పలేదు, నన్ను ఆ మొదటి తలుపులోకి తోసినవాళ్లు ఫీజు మాత్రం తీసుకున్నారు.

తలుపు సరైనదే అయినా పని తేలిక కాదని ఐరీనీ ముందే హెచ్చరించింది. రస్ వచ్చి, ఇంటర్వ్యూలో బ్రేడెన్ బాగా చెప్పాడు, అందుకే ఇచ్చాను, ఆడా మగా అన్న ఆలోచనే నాకు రాలేదు అంటాడు. జడ్జి నమ్మితే కథ అక్కడితో సరి. రెనాటాకి సీటు రాదు, సూపరింటెండెంటుని కోర్టుకీడ్చిన ఆడదన్న పేరు మిగులుతుంది. అప్పుడు నేను శుక్రవారం సంగతి చెప్పాను.

ఇంటర్వ్యూలకి ముందు శుక్రవారం నేను పైవీధి పబ్బులో ఉన్నాను. శుక్రవారాలు అక్కడ మాంసం ట్రే లాటరీ ఉంటుంది, నంబరు తగిలినవాళ్లకి ట్రే నిండా మాంసం ఇస్తారు, నేను మానను. రైళ్ల జట్టంతా బారు దగ్గరుంది, రెనాటా తప్ప. ఆమెని ఆ వారం పట్టాల బాగుకని ఎక్కడో చివరి లైనుకి పంపారు. బ్రేడెన్ బారు మీద డబ్బు పెట్టి, అందరికీ నాదే అన్నాడు. జట్టువాళ్లు వాడి వీపు వాచిపోయేలా చరిచారు. పందెంలో వాడి గుర్రం గెలిచిందేమో అనుకున్నాను. కానీ మా జట్టులో ఒక ఆచారముంది. డ్రైవరు సీటు వచ్చినవాడు అందరికీ మొదటి వంతు పోయిస్తాడు, దానికి బదులు వంతు సూపరింటెండెంటు పోయిస్తాడు. అలా పోయించుకున్నాకే వాడు డ్రైవరు. మంగళవారం ఇంటర్వ్యూలయి సీటు బ్రేడెన్‌కని తెలిశాక గానీ నాకు వెలగలేదు, వాడి డ్రైవరు వంతు మేం శుక్రవారమే చూశామని.

"రస్ బదులు పోయించాడా?" అని ఐరీనీ అడిగింది.

చూడలేదని చెప్పాను. ఆ రోజు మాంసం ట్రే నా నంబరుకే తగిలింది. సాసేజీలు పాడైపోతాయని తీసుకుని ఇంటికొచ్చేశాను.

కేసు ఫిబ్రవరిలో టౌన్స్‌విల్‌లో విచారణకొచ్చింది. మాకది వానాకాలం, మిల్లు ఆగి ఉంది గనక జట్టులో సగంమంది వచ్చి వెనక బెంచీల మీద కూర్చున్నారు. రెనాటా కోసం కాదు. మిల్లు తరఫు లాయరు ముందే అందరితో మాట్లాడి పెట్టుకున్నాడు. శుక్రవారమా, ఏ శుక్రవారం అని ఒకడు, బ్రేడెన్‌కి గుర్రం తగిలిందని ఇంకొకడు. కలిసి పనిచేసిన మనుషులు, ఆమె తగిలించిన తొట్ల వెనక భద్రంగా ఇంటికి చేరిన మనుషులు, ఒక్కడంటే ఒక్కడు ఆమె వైపు చూడలేదు. బ్రేడెన్ కూడా బోనెక్కి, గుర్రమే అన్నాడు. ఏ గుర్రం అంటే గుర్తులేదన్నాడు.

నా వంతు వచ్చింది. చూసింది చూసినట్టు చెప్పాను. మిల్లు లాయరు పొడుగాటి మనిషి, మర్యాద ఒలకబోస్తాడు. నా పాత కేసు కాగితం ఎత్తి చూపించి, హన్నాఫర్డ్ గారంటే మీకు పడదు కదా అన్నాడు. పడదన్నాను. తర్వాత నేను చెప్పిన ఆచారాన్నే పట్టుకున్నాడు.

"కొత్త డ్రైవరు పోయిస్తే సూపరింటెండెంటు బదులు పోయించాలి. ఇదే కదా మీరనేది?"

"అవును."

"ఆ శుక్రవారం హన్నాఫర్డ్ గారు పోయించడం చూశారా?"

"లేదు."

"అయితే అది కొత్త డ్రైవరు వంతు కాదన్నమాట. కుర్రాడు ఏదో సంతోషం కొద్దీ పోయించాడు, అంతే."

జడ్జి తలూపి రాసుకుంది. నేను దిగివచ్చి కూర్చున్నాను. సాయం చేద్దామని వెళ్లి రెనాటాని ముంచాననిపించింది. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

మధ్యాహ్నం రస్ బోనెక్కాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త క్షవరం. చూయింగ్ గమ్ లేదు. మిల్లు లాయరు అడుగుతుంటే నేర్చుకున్న పాఠం చక్కగా అప్పజెప్పాడు. మంగళవారం దాకా నా మనసులో ఎవరూ లేరు, ఇద్దరినీ విన్నాను, బ్రేడెన్ స్థిమితంగా కనిపించాడు, రెనాటా ఆడదన్న సంగతి నేను లెక్కలోకే తీసుకోలేదు. లెక్కలోకి తీసుకోకుండానే ఇన్నేళ్లలో ఒక్క ఆడమనిషికీ ఆ డ్రైవరు సీటు ఇవ్వలేదు మరి. వెనక బెంచీల వాళ్లు మెచ్చుకుంటున్నట్టు సర్దుకుని కూర్చున్నారు.

ఐరీనీ లేచింది. ఇంటర్వ్యూ గురించి అడుగుతుందనుకున్నాను, రస్ కూడా అందుకే సిద్ధపడి ఉన్నాడు. ఆమె పబ్బు గురించి అడిగింది. ఆ శుక్రవారం వెళ్లారా అంటే వెళ్లానన్నాడు. బ్రేడెన్ పోయించిన బీరు తాగారా అంటే తాగానన్నాడు. కుర్రాడు సరదాపడి పోయిస్తే కాదంటామా అని నవ్వాడు కూడా. తర్వాత ఇంటికెళ్లిపోయారా అంటే అవునన్నాడు.

"సరే. మీ లాయరుగారు పొద్దున చెప్పింది నాకు అర్థమైంది. కుర్రాడి డబ్బుతో తాగారు. మీ వంతు పోయించకుండా వెళ్లిపోయారు."

రస్ మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ మెడ మాత్రం ఎర్రబడింది. వెనక ఎవడో దగ్గాడు. ఇంకెవడో కిసుక్కుమన్నాడు. రస్ జడ్జి వైపు చూడలేదు, తన లాయరు వైపు చూడలేదు, నేరుగా ఆ వెనక బెంచీల వైపు చూశాడు. అక్కడ కూర్చున్నది ఆయన ఊరు.

"ఎవరన్నారు ఆ మాట?" అన్నాడు.

"మీవాళ్లే. మీరు పోయించడం ఎవరూ చూడలేదట."

"ఆవిడ చూడలేదేమో, ట్రే పట్టుకుని ముందే పోయింది. ఆ తర్వాత బారు మీద డబ్బు పెట్టింది నేనే. కొత్త డ్రైవరు పోయించాక బదులు వంతు నాది. సూపరింటెండెంటు కుర్చీలో కూర్చున్నాక ఒక్కసారి కూడా తప్పలేదు. అడుగు వాళ్లని."

మిల్లు లాయరు సగం లేచి ఏదో అనబోయాడు. జడ్జి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏ కొత్త డ్రైవరు, హన్నాఫర్డ్ గారూ?"

రస్‌కి గుర్రం సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. ఆయన ఏం చెప్పినా ఇక రెండింట్లో ఒకటే. పోయించలేదంటే వెనకున్నవాళ్ల ముందు పరువు పోతుంది, పోయించానంటే మంగళవారం ఇంటర్వ్యూ నాటకమని తేలుతుంది. ఆయన పరువునే ఎంచుకున్నాడు. ఎంచుకున్నాక గానీ ఏం చేశాడో ఆయనకే తెలియలేదు.

తీర్పు ఏప్రిల్లో వచ్చింది. ఐరీనీ ఫోనులో చదివి వినిపించింది. ఇంటర్వ్యూకి ముందే సీటు ఇచ్చేశారు, అందువల్ల ఇంటర్వ్యూ చూసి ఇచ్చామన్న కారణం నిజం కాదు. అసలు కారణమేదో చెప్పాల్సిన బాధ్యత ఆయనది, చెప్పలేదు. కారణం ఆమె ఆడదవడం కాదని నిరూపించాల్సిన బరువు మిల్లుది, దాన్ని మోయలేకపోయింది. రెనాటాకి సీటు ఇవ్వాలి, నష్టపరిహారం కూడా ఇవ్వాలి. రెనాటా వింటూ వింటూ వసారా మెట్ల మీద కూలబడింది. నేను కెటిల్ స్టవ్ మీద పెట్టి నీళ్లు పోయడం మర్చిపోయాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గెలిచినందుకు ఆనందమే, ఎందుకుండదు. కానీ ఆమె ఇన్ని సీజన్లు వానలో తొట్లు తగిలించింది, అది సాక్ష్యం కాలేదు. ఆ కుర్రాడికి పని నేర్పింది, అదీ కాలేదు. నేను ప్రమాణం చేసి చూసింది చెప్పాను, అదీ చాల్లేదు. రస్ హన్నాఫర్డ్ బీరు ఎగ్గొట్టలేదన్న సంగతి మాత్రం చాలింది. ఆయనకి ఆమె బతుకు మీద లేని పట్టింపు ఆ గ్లాసు మీద ఉంది. ఇంకో సంగతి కూడా నన్ను తినేసింది. నా కేసులోనూ అదే మనిషి, అదే నోరు. దాన్ని విప్పించే బరువు ఆ రోజు ఎవరూ ఆయన మీద పెట్టలేదు, అంతే తేడా. నేను అబద్ధం చెప్పానని ఊరు ఇన్నేళ్లు అనుకుంది.

జూన్లో క్రషింగ్ మొదలైంది. రెనాటా డ్రైవరు సీట్లో కూర్చుని రేడియోలో పిలిచినప్పుడు నేను జవాబివ్వడానికి కాస్త ఆలస్యమైంది. ఏమైంది గ్లెనిస్, నీ గొంతు బాగుంటుంది కదా అంది దొంగముండ. బ్రేడెన్ మళ్లీ అసిస్టెంటయ్యాడు, అదీ ఆమె ఇంజనుకే. మొదటి రోజు వాడు కాళ్ల వైపు చూస్తూ క్షమించమన్నాడట. తొట్లు సరిగ్గా తగిలించు చాలు అందట ఈమె.

ఆ వారం శుక్రవారం ఇద్దరం పైవీధి పబ్బుకి వెళ్లాం. జట్టంతా బారు దగ్గరే ఉంది. రస్ కూడా ఉన్నాడు. ఆయన్ని మిల్లు ఏమీ చెయ్యలేదు, ఇప్పటికీ సూపరింటెండెంటే. మేం లోపలికి రాగానే అందరూ మా వైపు తిరిగారు. ఏం జరగబోతోందో అందరికీ తెలుసు. రెనాటా డ్రైవరైంది, వంతు పోయించాలి. వాళ్లు తాగాలి, తాగితే ఒప్పుకున్నట్టు. రస్ అప్పుడే జేబులోంచి నోటు తీసి చేతిలో పెట్టుకుని ఉన్నాడు, బదులు వంతుకి. ఎంత కోపమున్నా ఆచారం తప్పడు మరి.

ఎవడో కొంచెం ఇబ్బందిగా నవ్వి, "కొత్త డ్రైవరు వంతు" అన్నాడు.

రెనాటా బారు దాకా నడిచింది. వాళ్లందరినీ ఒకసారి చూసింది, తొందరేం లేదు.

"నా వంతు మీరు పోయినేడాదే తాగేశారు. ఆ సీటు నాది కదా, ఆ బీరు కూడా నాదే."

బ్రేడెన్ తన గ్లాసు కింద పెట్టేశాడు. రస్ చేతిలో నోటు అలాగే ఉంది, దాన్ని జేబులో పెట్టుకోవాలో బారు మీద పెట్టాలో ఆయనకి తోచలేదు. రెనాటా రెండంటే రెండు బీర్లు అడిగి, డబ్బిచ్చి, అవి తీసుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. ఒకటి నా ముందు పెట్టింది.

ఆ బీరు నేను నెమ్మదిగా తాగాను. తాగి, పర్సు తీసుకుని లేచాను. తర్వాతి వంతు నాది.